జాతికి రూపమిచ్చే హక్కు: చేర్యాల పటం, ఆన్‌లైన్ పాత్రధారణ ఆటలు

తెలుగులో ‘జాతి’ అనే మాటకు అర్థాలు అనేకం. తెలుగు జాతి అన్నప్పుడు అది భాషా సముదాయం. మేలుజాతి కోడె అన్నప్పుడు వంశం. నల్లజాతి అన్నప్పుడు ఒంటిరంగు. పల్లెలో ఒకరి జాతి ఏమిటని ఆరా తీసినప్పుడు అది కులం. ఈ అర్థాలన్నింటికీ మూలం పుట్టుక. ‘జన్’ ధాతువు నుండి వచ్చిన పదం కనుక ఎంపిక చేసుకొనే అవకాశం దీనిలో లేదు. రోల్ ప్లేయింగ్ గేమ్‌లని పిలుస్తున్న పాత్రధారణ ఆటలలో మాత్రం ఆటగాడిని మొట్టమొదట అడిగే ప్రశ్న ‘నీవు ఏ జాతిగా పుడతావు?’ అనేదే. మానవుడా, మరుగుజ్జా, ఎల్ఫ్‌ అనే వనదేవతల సంతతివాడా అని తేల్చుకొన్న తరువాతనే ముఖం, ఒంటిరంగు, కేశాలు, ఆభరణాల ఎంపిక వస్తుంది. ఈ సౌలభ్యాన్ని స్వేచ్ఛగా వర్ణించడం పరిపాటి. అయితే ఎంపికకు పెట్టిన రూపాలను ముందుగా గీసినదెవరు, ఎవరిని దృష్టిలో పెట్టుకొని గీశారు అన్న ప్రశ్న దాని వెనుక మిగిలిపోతుంది. ఈ ప్రశ్నకు తెలంగాణలో ఒక పూర్వచరిత్ర ఉన్నది.

సిద్దిపేట జిల్లా మద్దూరు మండలానికి పొరుగున ఉన్న చేర్యాల నకాషీ చిత్రకారులకు ప్రసిద్ధమైన ఊరు. 2016 అక్టోబరులో జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణ వరకు ఈ రెండు మండలాలూ వరంగల్లు జిల్లాలోనివే. ముదిరాజులు, గొల్లలు, గౌడులు, పద్మశాలీలు, మాదిగలు కలిసి బ్రతికే ఇటువంటి ప్రాంతంలో ఒక్కొక్క కులానికి దాని పుట్టుకను పాడి వినిపించే ఆశ్రితకులం ఒకటి ఉండేది. పద్మశాలీలకు కూనపులి వారు మార్కండేయ పురాణం, భావనారుషి చరిత్ర చెప్పేవారు. గౌడులకు గౌడజెట్టి వారు గౌడ పురాణం, ముదిరాజులకు కాకిపడగల వారు పాండవుల కథ, మాదిగలకు డక్కలి వారు జాంబ పురాణం చెప్పేవారు. గొల్లలకు కాటమరాజు కథ చెప్పే మందెచ్చుల వారు పటానికి బదులు కొయ్యబొమ్మలు వాడేవారు. ఏ కథకుడు ఏ ఊళ్ళకు వెళ్ళాలో మిరాశీ హక్కు నిర్ణయించేది. పటం ఆ హక్కుకు ఆనవాలు. అది వారసత్వంగా సంక్రమించే ఆస్తి.

ఈ కులాలన్నింటికీ పటాలు, బొమ్మలు చేసి ఇచ్చినవాడు నకాషీ. ‘నక్ష్’ అనే అరబ్బీ మూలం నుండి పారసీక, ఉర్దూల మీదుగా మనకు చేరిన మాట ఇది. చేర్యాలలో ధనాలకోట కుటుంబం ఈ వృత్తిని నేటికీ నిలిపి ఉంచింది. ఖద్దరు బట్టకు గంజి, సుద్ద, చింతగింజల జిగురు పట్టించి ఆరబెడతారు. ఉడుత వెంట్రుకల కుంచెతో నేరుగా రేఖలు వేస్తారు. నేపథ్యమంతా ఎర్రగా నింపి, తరువాత ఒంటిరంగులు, ఆపైన వస్త్రాలు, నగలు దిద్ది, చివరకు నల్లని రేఖతో ఆకృతులను తేల్చుతారు. సుమారు మూడడుగుల వెడల్పుతో, నలభై యాభై అడుగుల వరకు సాగే ఈ బట్ట మీద కథ అడ్డపట్టీలుగా పైనుండి కిందికి నడుస్తుంది. మొదట గణపతి దర్శనమిస్తాడు.

ఇక్కడ గమనించదగినది చిత్రకారుని పొదుపు. అతని చేతిలో ఉన్న మూర్తులు పరిమితం. ఆ పెద్ద కన్నులు, ఆ కోటేరు ముక్కు, ఆ నిలువు భంగిమ కులం మారినా మారవు. కులాన్ని తెలిపేవి వస్త్రధారణ, పనిముట్టు, వాహనం, పట్టీలో ఆ మూర్తికి దక్కిన చోటు. మగ్గం ఉంటే అది పద్మశాలీల కథ. పులినెక్కి కాలవాసురునిపై కదలినవాడు భావనారుషి. తాటిచెట్టు, కల్లుకుండ గౌడులను గుర్తు చేస్తాయి. ఒకే ఆకృతిని ఆధారంగా పెట్టుకొని, దానిమీద మార్చదగిన కొద్ది అంశాలతో అనేక జాతులను పుట్టించే ఈ పద్ధతి నేటి ఆటల నిర్మాతలకు కొత్తగా తోచదు. 2004 నవంబరులో విడుదలైన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో ఎనిమిది జాతులుండేవి. వాటిలో దేనినైనా ఎంచుకొన్నవాడు మార్చుకోగలిగినవి ఐదే అంశాలు: ఒంటిరంగు, ముఖం, జుట్టుతీరు, జుట్టురంగు, గడ్డం. టారెన్ అనే వృషభముఖుల విషయంలో కొమ్ములు కూడ ఈ ఐదింటిలో చేరాయి.

పోలిక ఇంతటితో ఆగితే అది కేవలం సాంకేతికమైన ముచ్చట. అసలు విషయం జాతికీ వృత్తికీ వేసిన ముడిలో ఉన్నది. 1974లో గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ వెలువరించిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఈ ఆటలన్నింటికీ మాతృక. కాగితం, పాచికలతో ఆడిన ఆ ఆటలో మరుగుజ్జుగా పుట్టినవాడు యోధవృత్తి తప్ప మరొకటి చేపట్టరాదు. అందులోనూ ఆరవ మెట్టు దాటరాదు. మానవునికి అటువంటి హద్దు లేదు. 2000 సంవత్సరపు మూడవ కూర్పు దాకా ఈ నిర్బంధం ఏదో ఒక రూపంలో సాగింది. వార్‌క్రాఫ్ట్ తొలినాళ్ళలో డ్రూయిడ్ వృత్తి రెండు జాతులకు మాత్రమే దక్కేది. విదేశీ విమర్శకులు దీనిని ఆటలో సమతూకం కోసం పెట్టిన నియమంగా చూస్తారు. కులవృత్తి అంటే ఏమిటో తెలిసిన తెలుగు పాఠకునికి వేరే వివరణ అక్కరలేదు. పుట్టుక పనిని నిర్ణయిస్తుంది, పని ఎక్కగల మెట్టును నిర్ణయిస్తుంది.

కులపురాణం ఈ ముడిని విప్పలేదు. దానిని కీర్తిగా మలచింది. దేవతలు వస్త్రహీనులై ఉండగా తామరతూళ్ళ దారంతో బట్ట నేసినవాడు భావనారుషి కనుక నేత ఇక హీనవృత్తి కాబోదు. జాంబవంతుడు భూమికంటె ముందే పుట్టినవాడని డక్కలివారు మాదిగల ముంగిట పాడినప్పుడు, ఊరిచివర నిలబెట్టిన కులం సృష్టి మొదటికి చేరుతుంది. పటాన్ని ఆదర్శీకరించే ధోరణి మన పరిశోధనల్లో అప్పుడప్పుడు కనిపిస్తుంది. అది సరికాదు. పటం కులవ్యవస్థను కాదనలేదు. అందులో తన మెట్టును మాత్రం తిరగరాసింది. ఆ తిరగరాతను డబ్బిచ్చి, ధాన్యమిచ్చి, రాత్రంతా కూర్చుని ఒప్పుకొన్నది ఆ కులమే. ఇతరులు తమను ఎట్లా చిత్రించినా, సంవత్సరానికొకసారి తమ వాడలో విప్పే పటంలో తమ మూలపురుషునికి కిరీటం ఉండితీరాలని కోరే అధికారం వారికి ఉండేది. ఆటలో జాతిని ఎంచుకొనే వ్యక్తికి ఎంపిక ఉన్నది గాని ఇటువంటి అధికారం లేదు. పటంలో వ్యక్తికి ఎంపిక లేదు, సముదాయానికి అధికారం ఉన్నది. ఈ రెండింటినీ ఒకే ‘స్వేచ్ఛ’ పేరుతో పిలవడం వలననే చర్చ తరచు దారితప్పుతున్నది.

ఒంటిరంగు విషయంలో మాత్రం పటమూ ఆటా ఒకే బలహీనతను పంచుకొన్నాయి. నకాషీ సంప్రదాయంలో దేవునికి నీలం, దేవికి పసుపు, మనుషులకు గులాబీ ఛాయలు, రాక్షసులకు గోధుమ లేదా ముదురురంగులు. ఈ వర్ణవిభజన కులానికి సంబంధించినది కాదు, ధర్మాధర్మాలకు సంబంధించినదని సమర్థించవచ్చు. కాని ఎండలో నల్లబడిన ఒళ్ళతో ఎదురుగా కూర్చున్న శ్రోతలకు ముదురురంగు రాక్షసునికే దక్కడం ఏమీ చెప్పకుండా పోయి ఉంటుందా? నీలవర్ణపు దేవుడు ఆ ప్రశ్నను కొంత మెత్తబరచాడు. డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో డ్రౌ అనే నల్లని ఎల్ఫ్‌లు పుట్టుకతోనే దుష్టులు. 1999లో వచ్చిన ఎవర్‌క్వెస్ట్‌లో సైతం ముదురునీలపు ఎల్ఫ్‌లది దుష్టపక్షమే. అక్కడ ఆ కాఠిన్యాన్ని తగ్గించే నీలమేఘశ్యాముడు ఎవరూ లేడు.

దిద్దుబాటు ఆలస్యంగా వచ్చింది. వార్‌క్రాఫ్ట్‌లో మానవజాతికి ఆఫ్రికా, తూర్పు ఆసియా ప్రజలను పోలిన ముఖాలు, ఒంటిఛాయలు, కేశరీతులు 2020 అక్టోబరులో, అంటే ఆట మొదలైన పదహారేళ్ళకు చేరాయి. అదివరకు ‘మానవుడు’ అన్న మాటకు ఆ తెరమీద ఉన్న అర్థం దాదాపుగా ఐరోపావాడు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ ప్రచురణకర్తలు ‘రేస్’ అనే పదాన్నే విడిచి ‘స్పీషీస్’ అనే పదాన్ని స్వీకరిస్తామని 2022 డిసెంబరులో ప్రకటించారు. 2024 నాటి నియమగ్రంథంలో అది అమలైంది. ఈ మార్పును తెలుగు చేయబోతే చిక్కు బయటపడుతుంది. మొదటి మాటకూ జాతే, రెండవ మాటకూ జాతే. జీవశాస్త్ర పాఠ్యపుస్తకాలలో స్పీషీస్‌ను సైతం మనం జాతి అనే అంటున్నాం. ఆంగ్లంలో పేరు మార్చి దాటగలిగిన దానిని తెలుగులో దాటలేము.

‘అవతారం’ కథ దీనికి తలకిందులు. 1980ల నడుమ లూకాస్‌ఫిల్మ్ రూపొందించిన హాబిటాట్ అనే ఆన్‌లైన్ లోకంలో ఆటగాని తెరరూపానికి ఈ మాటనే పెట్టారు. అందులో తలలు మార్చుకొనే వీలుండేది. దేవుడు అవసరాన్నిబట్టి దిగివచ్చే రూపం అక్కడ కొనుగోలుదారు తొడుక్కొనే తల అయింది. మన వాడుకలో ఈ మాట ఎప్పుడో నేలకు దిగింది. చింపిరిజుట్టుతో ఇంటికి వచ్చిన పిల్లవాణ్ణి తల్లి ‘ఏమిట్రా ఈ అవతారం?’ అని గద్దించడం అందుకు సాక్ష్యం.

రూపం ఎవరిదన్న ప్రశ్నకు దాని అంతం కూడ ఒక సమాధానం ఇస్తుంది. వాడివాడి పటం చివికినప్పుడు కథకుడు నకాషీ వద్దకు వెళ్ళి, పాతదానిని చూపి కొత్తది వ్రాయించుకొనేవాడు. పూజాదికాలు జరిపి కొత్త పటాన్ని స్వీకరించి, పాతదానిని శాస్త్రోక్తంగా నదిలో నిమజ్జనం చేసేవారు. జాతి రూపం ఆ విధంగా ఒక బట్ట నుండి మరొక బట్టకు మారేది. 2004లోనే వచ్చి, రూపకల్పనలో మరే ఆటా ఇవ్వనంత వైవిధ్యాన్ని ఇచ్చిందని పేరుపొందిన సిటీ ఆఫ్ హీరోస్‌ను దాని యజమానులు 2012 నవంబరు 30న మూసివేశారు. ఎనిమిదేళ్ళుగా ఆటగాళ్ళు తీర్చిదిద్దుకొన్న వీరులు ఆ రాత్రితో అదృశ్యమయ్యారు. అభిమానులు నడుపుతున్న ప్రతికి 2024 జనవరిలో అధికారిక అనుమతి లభించింది గాని, అది యజమాని ఇచ్చిన అనుమతి, మిరాశీ కాదు.

పటం స్థితి నేడు దీనికి భిన్నంగా లేదు. కూనపులి, డక్కలి కథకుల కోసం వ్రాసే పొడవైన పటాలు అరుదైపోయాయి. చేర్యాల కళకు భౌగోళిక గుర్తింపు దక్కింది. ముఖౌటాలు, గోడకు తగిలించే చిన్న చిత్రాలు, తాళంచెవుల గుత్తులు నగరాల అంగళ్ళలో అమ్ముడుపోతున్నాయి. అవే పెద్ద కన్నులు, అదే ఎర్రని నేపథ్యం. బోనమెత్తిన స్త్రీ, తాటిచెట్టెక్కిన గీతకార్మికుడు, డప్పు కొడుతున్న మనిషి. ఏ పురాణంలోనూ లేని ఈ మూర్తులలో కొనుగోలుదారు తనకు నచ్చినదానిని ఎంచుకొంటాడు. డప్పు కొట్టేవానికి కిరీటం పెట్టమని అడిగే శ్రోతలు ఆ అంగడిలో ఉండరు.