బెంచి వైసు

బెంచి వైసు అనునది లోహపు వస్తువులను కదలకుండా బిగించి పట్టుకొనుటకు ఉపయోగించు పరికరం. ఆకురాయితో రాయుట, రంపంతో కోయుట, మరలు వేయుట, వంచుట వంటి చేతి పనులన్నింటిలో దీని అవసరం ఉండును. పనిబల్ల అంచున బోల్టులతో బిగించి వాడుట వలన దీనికి ఈ పేరు వచ్చినది. కమ్మరి కొలిమి వద్ద కనిపించు లెగ్ వైసు, గొట్టాలను పట్టుకొను పైపు వైసు, డ్రిల్లింగు యంత్రం మీద పెట్టు మెషిన్ వైసు వేరు రకాలు. ఈ వ్యాసం ఫిట్టర్లు వాడు బెంచి వైసును ఎంచుకొనుట గురించి, దానికి మెత్తని దవడలను తయారుచేయు విధానం గురించి వివరించును.

నిర్మాణం

వైసులో రెండు దవడలు ఉండును. ఒకటి బల్లకు బిగించిన స్థిర దవడ, రెండవది ముందుకు వెనుకకు జరుగు కదిలే దవడ. కదిలే దవడ గుండా స్పిండిల్ అను పొడవైన మర పోవును. స్థిర దవడ లోపల ఉన్న బాక్స్ నట్టులో ఈ మర తిరిగినపుడు దవడ జరుగును. స్పిండిలుకు చదరపు మరలు గాని, ఒకవైపు ఒత్తిడిని బాగుగా తట్టుకొను బట్రెస్ మరలు గాని ఉండును. దవడల లోపలి ముఖాలకు గట్టిపరచిన ఉక్కు పలకలను స్క్రూలతో బిగించుదురు. వస్తువు జారకుండా ఈ పలకలపై అడ్డదిడ్డ గాట్లు ఉండును.

వైసు పరిమాణాన్ని దవడ వెడల్పును బట్టి చెప్పుదురు. 100 మి.మీ. వైసు అనగా దవడ వెడల్పు 100 మి.మీ. అని అర్థం, దవడలు తెరుచుకొను దూరం కాదు. భారతదేశంలో బెంచి వైసులకు ఐ.ఎస్. 2586 అను ప్రమాణం కలదు.

ఏ లోహంతో చేసినది?

వైసు కొనునపుడు మొదట తెలుసుకొనవలసినది ఇదే. చవక వైసుల దేహం సాధారణంగా బూడిద పోత ఇనుముతో పోసినదై ఉండును. ఈ ఇనుములో గ్రాఫైటు పొరలు పొరలుగా ఉండుట వలన ఇది నొక్కుడు బలాన్ని బాగుగా తట్టుకొనును గాని, లాగుడు బలానికి, సుత్తి దెబ్బకు వంగకుండా ఒక్కసారిగా విరుగును. గట్టిగా బిగించినపుడు దవడల మెడ వద్ద ఏర్పడునది లాగుడు బలమే. కావున విరుగుట ఎక్కువగా అక్కడే జరుగును. విరిగిన ముక్క, దానితోపాటు పట్టులోని బరువైన వస్తువు పాదంపై పడు ప్రమాదం కలదు.

1943లో అమెరికాలో కీత్ మిల్లిస్ కరిగిన ఇనుములో మెగ్నీషియం కలిపి గ్రాఫైటును గుండ్రని గుళికలుగా మార్చు పద్ధతిని కనుగొనెను. ఇట్లు పోసిన ఇనుమును ఎస్.జి. ఇనుము లేదా డక్టైల్ ఇనుము అందురు. ఇది విరుగుటకు ముందు కొంత సాగును. కొన్ని విదేశీ వైసుల వివరాలలో 30,000 పి.ఎస్.ఐ. అని ఉన్న అది బూడిద ఇనుము, 60,000 పి.ఎస్.ఐ. అని ఉన్న డక్టైల్ ఇనుము అని గ్రహించవచ్చును. కొట్టుడు పని ఎక్కువగా ఉన్నవారికి సాగగొట్టిన ఉక్కుతో చేసిన వైసు మరింత మేలు, ధర కూడా ఎక్కువే. ఏ వివరమూ లేని వైసును చిన్న సుత్తితో మెల్లగా తట్టి చూడవచ్చును. డక్టైల్ ఇనుము, ఉక్కు గంటవలె మోగును. బూడిద ఇనుము మొద్దుగా పలుకును. ఇది స్థూల పరీక్ష మాత్రమే.

కొనునపుడు చూడవలసినవి

దవడలను సగం వరకు తెరిచి, కదిలే దవడను చేతితో పైకి, పక్కలకు ఊపి చూడవలెను. కొద్దిపాటి వదులు సహజం, గలగలలాడినచో వద్దు. తరువాత దవడలను మూసి వెలుతురుకు ఎదురుగా పట్టి చూడవలెను. మంచి వైసులో పై అంచులు ముందుగా తాకును. బిగించిన కొద్దీ పై భాగం కాస్త విచ్చుకొనును గనుక ఈ అమరిక కావాలని చేసినదే. క్రింది భాగం ముందు తాకి పైన సందు ఉన్న వైసు సన్నని వస్తువులను పట్టలేదు. రెండు చివర్లలో చెరొక కాగితపు ముక్క పెట్టి బిగించినపుడు రెండూ సమానంగా చిక్కుకొనవలెను.

దవడ పలకలు విప్పుటకు వీలుగా ఉండవలెను. దళసరి రంగు క్రింద లప్పం పెట్టి పోతలోని గుంటలను కప్పుట కలదు కావున రంగు చూసి మోసపోరాదు. పాత ఇనుము దుకాణంలో దొరకు వైసు, అతుకు వేసిన గుర్తులు లేనిచో, అదే ధరకు వచ్చు కొత్త చవక వైసు కంటే చాలాసార్లు మెరుగు.

బిగించునపుడు స్థిర దవడ ముఖం బల్ల అంచు కంటే కొద్దిగా ముందుకు రావలెను. అప్పుడే పొడవైన కడ్డీని నిలువుగా పట్టవచ్చును. దవడల పైభాగం పనివాని మోచేతి ఎత్తున ఉండవలెను. పిడికి గొట్టం తొడిగి బిగించుట, పిడిని సుత్తితో కొట్టుట తగదు. కొట్టవలసి వచ్చినపుడు దెబ్బ స్థిర దవడ వైపు పడునట్లు కొట్టవలెను.

మెత్తని దవడలు

గట్టి పలకల గాట్లు రాగి, ఇత్తడి, అల్యూమినియం వస్తువులపైనే కాక, నునుపు చేసిన ఇనుముపై కూడా అచ్చుపడును. గంటల తరబడి ఆకురాయి పట్టి చదును చేసిన ముఖం ఒక్క బిగింపుతో పాడగును. దీనిని నివారించుటకు దవడలపై తొడుగు మెత్తని లోహపు తొడుగులను మెత్తని దవడలు లేదా వైస్ క్లాంపులు అందురు.

100 మి.మీ. వైసుకు 2 మి.మీ. మందం గల అల్యూమినియం రేకు నుండి 140 మి.మీ. పొడవు, 50 మి.మీ. వెడల్పు గల రెండు ముక్కలు కోయవలెను. ఒక్కొక్క ముక్క పై సగంలో రెండు చివర్ల నుండి 20 మి.మీ. చొప్పున కత్తిరించి తీసివేసినచో, క్రింది సగానికి ఇరువైపులా చెవులు మిగులును. కోతలు కలియు మూలల వద్ద ముందుగా 4 మి.మీ. రంధ్రం వేసినచో వంచునపుడు రేకు చిట్లదు. పై సగాన్ని దవడ మీదికి, చెవులను దవడ పక్కలకు చెక్క సుత్తితో వంచవలెను. చెవులు పట్టి ఉంచుట వలన వైసు తెరిచినపుడు తొడుగు జారిపడదు.

రేకు గట్టిగా ఉన్నచో ముందుగా వేడిచేసి మెత్తపరచవలెను. అల్యూమినియం 660 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగును, కాని కరుగుటకు ముందు ఎర్రబడి హెచ్చరించదు. అందువలన రేకుపై సబ్బు రుద్ది మంట చూపుదురు. సబ్బు నల్లబడిన వెంటనే మంట తీసివేయవలెను. రాగి రేకును మాత్రం మసక ఎరుపు వచ్చువరకు కాల్చి నీటిలో ముంచవచ్చును. ఉక్కువలె అది గట్టిపడదు, మెత్తబడును.

కిటికీల పని చేయువారి వద్ద మిగిలిన అల్యూమినియం యాంగిల్ ముక్కలతో ఇంకా సులువుగా చేయవచ్చును. వాటి వెనుక అయస్కాంతాలు అంటించు పద్ధతి ఉన్నది గాని, అవి ఇనుప రజనును కూడా లాగి పట్టును. ఎక్కువ కాలం వాడువారు గట్టి పలకలను విప్పి, వాటినే కొలతగా పెట్టి 12 మి.మీ. అల్యూమినియం బద్దెకు రంధ్రాలు వేసి బిగించుట ఉత్తమం. స్క్రూ తలలు ముఖం కంటే లోపలికి దిగవలెను. గుండ్రని కడ్డీలు పట్టుటకు రెండు బద్దెల మధ్య 1 మి.మీ. అట్ట పెట్టి బిగించి, కడ్డీ వ్యాసమంత రంధ్రాన్ని సరిగా అతుకు మీద వేయుదురు. అట్ట తీసిన తరువాత ఆ సందు వలన కడ్డీ గట్టిగా పట్టుబడును.

సీసపు దవడలు కూడా వాడుకలో ఉండెను. సీసం 327 డిగ్రీలకే కరుగుట వలన పోత పోయుట తేలిక. కాని దాని పొగ, ధూళి విషపూరితం గనుక, ముఖ్యంగా పిల్లలు తిరుగు చోట, దానిని వాడరాదు. మెరుగు పెట్టిన వస్తువులకు తోలు అంటించిన చెక్క ముక్కలు చాలును.

మెత్తని దవడలలో ఇనుప రజను గుచ్చుకొని ఉండిపోవును. అట్టి దవడ గట్టి దవడ కంటే ఎక్కువ గీతలు పెట్టును. కావున ప్రతి బిగింపుకు ముందు బ్రష్షుతో తుడిచి, ముఖం గరుకైనపుడు ఆకురాయితో తేలికగా రాసి సాపు చేయవలెను.