బద్ర్ రణరంగానికి వెళ్లని బద్ర్ యోధుడు

సోదరులారా! హిజ్రీ 2వ సంవత్సరం రమజాన్ మాసంలో దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) మూడు వందలకు పైగా సహచరులతో బద్ర్ వైపు బయలుదేరారు. అప్పుడు ఆయన కుమార్తె హజ్రత్ రుఖయ్యా (రజి) మదీనాలో తీవ్ర అస్వస్థతతో మంచం పట్టి ఉన్నారు. ఆమె భర్త హజ్రత్ ఉస్మాన్ (రజి)ను ప్రవక్త సైన్యంలోకి తీసుకోలేదు. భార్యకు సేవ చేయమని ఇంటివద్దనే ఉంచారు. బద్ర్‌లో పాల్గొన్నవారితో సమానమైన పుణ్యమూ, యుద్ధప్రాప్తిలో వాటా కూడా ఆయనకు ఉంటాయని సెలవిచ్చారు.

విజయవార్తతో హజ్రత్ జైద్ బిన్ హారిసా (రజి) మదీనా చేరేసరికి రుఖయ్యా (రజి) ఖననం జరుగుతోంది. భర్త సేవ ఆమె ప్రాణాన్ని నిలపలేదు; అయినా ఆయన పుణ్యం తరగలేదు. చరిత్రకారులు ఆయనను బద్ర్ వీరులలోనే లెక్కించారు.

విడిచి రావడానికి వీలులేని రోగి వద్ద మరెవరూ లేనప్పుడు, సేవచేసే వ్యక్తికి జుమా నుండి మినహాయింపు ఉందని ధర్మవేత్తలు తెలిపారు. అతడు ఇంటివద్దనే జుహ్ర్ నమాజు చేసుకుంటాడు. నేడు మన సఫ్‌లో కనిపించని సోదరుడు తన తల్లి మంచం పక్కన ఉన్నాడేమో! నిందించకండి. నమాజు ముగిశాక వెళ్లి, ఒక పూట ఆ సేవను పంచుకోండి. అల్లాహ్ మనకు ఆ భాగ్యం ప్రసాదించుగాక. ఆమీన్.