క్లీన్ బిల్ ఆఫ్ హెల్త్: రేవులో పుట్టిన మాట

పరీక్షలన్నీ చేసి, ఇక ఏ జబ్బూ లేదని డాక్టరు తేల్చి చెబితే ఇంగ్లీషులో దాన్ని క్లీన్ బిల్ ఆఫ్ హెల్త్ ఇవ్వడం అంటారు. ఈ మాట ఆస్పత్రిలో పుట్టలేదు. ప్లేగుకు హడలిపోయిన మధ్యధరా రేవుల్లో పుట్టింది. ఇందులోని బిల్లు డబ్బు కట్టాల్సిన బిల్లు కాదు, ముద్ర వేసిన అధికార పత్రం. లాటిన్‌లో ముద్రకు వాడే బుల్లా దీనికి మూలం.

14వ శతాబ్దంలో ప్లేగు యూరప్‌ను తుడిచిపెట్టాక రేవు పట్టణాలు మేల్కొన్నాయి. ప్లేగు ఉన్న చోటు నుంచి వచ్చేవాళ్లు 30 రోజులు ఊరి బయటే ఉండాలని రగూసా, అంటే నేటి డుబ్రోవ్నిక్, 1377లో చట్టం చేసింది. వెనిస్ 1423లో ఒక దీవి మీద శాశ్వతంగా ప్లేగు ఆస్పత్రి పెట్టింది. గడువు క్రమంగా 40 రోజులైంది, ఆ నలభై నుంచే క్వారంటైన్ వచ్చింది. కానీ వచ్చిన ప్రతి ఓడనూ అన్నాళ్లు ఆపితే సరుకు పాడవుతుంది, వర్తకుడు మునుగుతాడు. అందుకని ఓడ బయల్దేరిన రేవు నుంచే ఒక పత్రం తెచ్చుకోవాలన్నారు. అక్కడ అంటురోగం లేకపోతే క్లీన్ బిల్, అనుమానం ఉంటే సస్పెక్టెడ్ బిల్, రోగం ఉంటే ఫౌల్ బిల్. కొన్ని రేవుల్లో ఆ కాగితాన్ని చేత్తో ముట్టుకోకుండా పట్టకారుతో అందుకుని, వెనిగర్‌లో ముంచాకే చదివేవారు.

పత్రం చెప్పేది రేవు సంగతి, అదీ ఓడ బయల్దేరిన రోజు సంగతి. దారిలో ఓడలోని మనుషులకు ఏమైందో అది చెప్పేది కాదు. ఈ లోపం ఎంత ప్రమాదకరమో 1720లో మార్సే నగరం చూసింది. గ్రాండ్ సెయింట్ ఆంత్వాన్ అనే ఓడ సిడాన్ రేవులో క్లీన్ బిల్ తీసుకుని, పట్టు, పత్తి నింపుకుని బయల్దేరింది. దారిలో ఓడ వైద్యుడితో సహా పలువురు చనిపోయారు. మే 25న మార్సే చేరింది. దూరపు దీవిలో ఉంచాల్సిన సరుకును నగరం పక్కనే ఉన్న క్వారంటైన్ కేంద్రంలో దించనిచ్చారు. ఆ సరుకులో నగర పెద్దలకే వాటా ఉంది. తర్వాత నగర జనాభాలో దాదాపు సగం ప్లేగుకు బలైంది. ఆ చావులకు కాగితం కన్నా దాన్ని అడ్డం పెట్టుకున్న లాభాపేక్షే ఎక్కువ కారణం.

ఈ క్వారంటైన్ ఏర్పాటును లోపలి నుంచి చూడాలని ఇంగ్లండుకు చెందిన జైళ్ల సంస్కర్త జాన్ హోవర్డ్ 1786లో స్మిర్నా రేవులో కావాలనే ఫౌల్ బిల్ ఉన్న ఓడెక్కి వెనిస్ వెళ్లి క్వారంటైన్‌లో ఉన్నాడు. 1789లో యూరప్ క్వారంటైన్ కేంద్రాల మీద పుస్తకం ప్రచురించాడు. రేవు పత్రాల కాలం 20వ శతాబ్దంలో ముగిసింది. ఇప్పుడు ఓడలో ఎవరైనా జబ్బుపడ్డారా అన్నది కెప్టెనే స్వయంగా రాసిచ్చే ప్రకటనలో ఉంటుంది.

మాట మాత్రం ఒడ్డుకెక్కింది. 19వ శతాబ్దం నుంచి మనుషులకూ, తర్వాత బ్యాంకులకూ, వంతెనలకూ వాడుతున్నారు. భారతీయ ఇంగ్లీషులోంచి తెలుగు పత్రికల్లోకి వచ్చిన క్లీన్ చిట్ దీనికి దగ్గరిదిగా కనిపించినా దాని దారి వేరు. అందులోని చిట్ హిందీ చిట్ఠీ నుంచి వచ్చింది, క్లీన్ చిట్ నిందకు సంబంధించింది, జబ్బుకు కాదు.

జబ్బు తగ్గడాన్ని చెప్పే మిగతా ఇంగ్లీషు పదబంధాల పక్కన పెడితే దీని ప్రత్యేకత బయటపడుతుంది. జలుబును ‘షేక్ ఆఫ్’ చేసేది రోగే, ‘ఫుల్ రికవరీ’ని ‘మేక్’ చేసేదీ రోగే. ‘ఆన్ ద మెండ్’ అంటే చిరిగిన బట్ట కుట్టుకున్నట్టు మనిషి మెల్లగా బాగుపడుతున్నాడని. క్లీన్ బిల్ మాత్రం రోగి సాధించేది కాదు, మరొకరు ఇచ్చేది. అందుకే దానికి ‘గివ్’, ‘గెట్’ వంటి క్రియలే అతుకుతాయి. ఒళ్లు తేలికపడిందని ఎవరికి వారు చెప్పుకోవచ్చు గానీ, క్లీన్ బిల్ తనకు తాను ఇచ్చుకోవడం వాడుకలో లేదు. జలుబు తగ్గినవాడికీ ఈ మాట వాడరు. క్యాన్సర్ చికిత్స తర్వాతి స్కాన్, గుండె ఆపరేషన్ తర్వాతి పరీక్ష వంటి చోట్ల అది సహజంగా వస్తుంది.