మరణశయ్య పక్కన రాజ్యం

2009 వానకాలంలో హైదరాబాదులోని ఒక ప్రైవేటు ఆస్పత్రిలో నేనొక కాగితం మీద సంతకం పెట్టాను. మా పెద్దబాపు పక్షవాతం వచ్చి తొమ్మిది రోజులుగా వెంటిలేటరు మీద ఉన్నాడు. హవేలిఘనపూర్‌లో చెరువు కింద ఆయనకున్న మడి అప్పటికే కుదువకు పోయింది. "ఉంచుతరా, తీస్కపోతరా? మీ ఇష్టం" అన్నాడు డాక్టరు. ఆ మాటలో కోపం లేదు, దయ లేదు. రోజూ నలుగురికి చెప్పే మాట అది. కాగితం ఇంగ్లీషులో ఉంది. వైద్యుల సలహాకు విరుద్ధంగా, పరిణామాలు తెలిసి, ఇష్టపూర్తిగా రోగిని తీసుకుపోతున్నామని దాని సారాంశం. ఇంట్లో చదువుకున్నవాణ్ణి నేనే కాబట్టి సంతకం నా వంతుకొచ్చింది.

నర్సాపూర్, కౌడిపల్లి, కొల్చారం దాటి మెదక్ మీదుగా ఊరు చేరేదాకా అంబులెన్సులో ఒక పిల్లవాడు రబ్బరు తిత్తి పిసుకుతూ ఊపిరి ఊదుతూనే ఉన్నాడు. ఇంటి ముందు దించాక ఆ తిత్తి తీసుకుని వెళ్ళిపోయాడు. అది ఆస్పత్రి వస్తువు. పెద్దమ్మ నోట్లో తులసినీళ్ళు పోసింది. మూడోనాడు పిట్టకు పెట్టి వచ్చాక నన్ను పక్కకు పిలిచి ఒక్కటే అడిగింది: "సై ఎవరు జేసిండ్రు బిడ్డా?"

ఈ వ్యాసం ఆ ప్రశ్నకు జవాబు వెతికే ప్రయత్నం. సొంత దుఃఖాన్ని చరిత్రగా చలామణీ చేయడం నా ఉద్దేశం కాదు. మనిషి చివరి ఘడియల్లో వైద్యం ఉంచాలా, ఆపాలా అన్న నిర్ణయంలో రాజ్యం ఎక్కడ నిలబడింది, ఎక్కడ తప్పుకుంది అన్నది చరిత్రకు సంబంధించిన ప్రశ్నే. ముందు ఆ చరిత్రను చూద్దాం.

శిక్షించే రాజ్యం

బ్రిటిష్ పాలకులు 1860లో చేసిన భారత శిక్షాస్మృతిలోని 309వ సెక్షను ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించి బతికినవాడికి ఏడాది దాకా సాధారణ జైలుశిక్ష, లేదా జరిమానా, లేదా రెండూ. మెదక్ ప్రాంతం అప్పుడు నిజాం రాజ్యంలో ఉంది. ఆ రాజ్యానికి సొంత శిక్షాస్మృతి ఉండేది. పోలీసు చర్య తర్వాత, 1951లో, హైదరాబాదు రాష్ట్రానికి భారత శిక్షాస్మృతి వర్తించింది. అంటే దేశం వలసపాలన నుంచి బయటపడిన తర్వాతే మా ఊళ్ళోకి ఆ వలస చట్టం నడిచి వచ్చింది. ప్రాణం మనిషిదైనా దాని మీద అదుపు ఏలేవాడిది అన్న భావన దానితోపాటే వచ్చింది.

ఈ భావనను సుప్రీంకోర్టులో ప్రశ్నించిన ఇద్దరిలో ఒకరు మనకు తెలిసినవాడే. గుణుపూర్ న్యాయవాది, శ్రీకాకుళ పోరాట కాలపు నాయకుడు నాగభూషణ్ పట్నాయక్. 1970లో విశాఖపట్నంలోని కోర్టు ఆయనకు ఉరిశిక్ష వేసింది. తర్వాత అది యావజ్జీవంగా మారింది. అదే మనిషి మీద ఆత్మహత్యాయత్నం సెక్షను కింద కూడా కేసు నడిచింది. ఈ వైచిత్రిని గమనించండి. నిన్ను చంపే అధికారం మాకుంది, చచ్చే అధికారం నీకు లేదు అన్నట్టే ఉంది రాజ్యం వాదన. పి. రత్నం, నాగభూషణ్ పట్నాయక్ వేసిన పిటిషన్ల మీద 1994 ఏప్రిల్‌లో ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం 309ని కొట్టివేసింది. జీవించే హక్కులో జీవించకుండా ఉండే హక్కు కూడా ఉందన్నది.

ఆ తీర్పు రెండేళ్ళు కూడా నిలవలేదు. పంజాబులో కోడలి ఆత్మహత్యకు ప్రేరేపించారని శిక్షపడ్డ దంపతులు, చావు హక్కే అయినప్పుడు దానికి తోడ్పడటం నేరమెట్లా అవుతుందని వాదించారు. 1996 మార్చిలో జ్ఞాన్ కౌర్ కేసులో అయిదుగురు న్యాయమూర్తులు 1994 తీర్పును తిరగదోడారు. ఇక్కడ అభ్యుదయవాదులు తొందరపడకూడదు. స్వేచ్ఛ పేరుతో వచ్చిన వాదం కోడళ్ళను చావుకు తోసేవారికి ఆయుధం కాగలదని ఆ కేసు చూపింది. అయితే అదే తీర్పు ఒక సందు కూడా వదిలింది: ప్రాణాన్ని తీసుకోవడం వేరు, ఎట్లాగూ ముగుస్తున్న ప్రాణం గౌరవంగా ముగియడం వేరు.

2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 309 లేదు. కాని ప్రభుత్వోద్యోగిని విధి చేయనీయకుండా లేదా బలవంతంగా చేయించడానికి ఆత్మహత్యకు పూనుకుంటే శిక్ష అనే 226వ సెక్షను ఉంది. నిరాశతో చావబోయినవాణ్ణి రాజ్యం క్షమించింది, నిరసనతో చావబోయేవాణ్ణి క్షమించలేదు.

ఒక తల్లి పిటిషను

2004 డిసెంబరులో మన హైకోర్టు ముందుకే ఒక తల్లి వచ్చింది. ఆమె పేరు సుజాత. కొడుకు వెంకటేశ్ చదరంగం ఆటగాడు, ఇరవై అయిదేళ్ళవాడు. కండరాలు క్రమంగా క్షీణించే జబ్బుతో హైదరాబాదు ఆస్పత్రిలో వెంటిలేటరు మీద ఉన్నాడు. తన అవయవాలు చెడిపోక ముందే తీసి ఇతరులకు ఇవ్వాలని, అందుకోసం తనను ముందుగానే పోనివ్వాలని ఆ యువకుడి కోరిక. హైకోర్టు ఒప్పుకోలేదు. అవయవ మార్పిడి చట్టం ప్రకారం మెదడు మరణించిందని వైద్యులు ధ్రువీకరించాకే అవయవాలు తీయాలి, స్పృహలో ఉన్న మనిషి నుంచి తీయరాదు. డిసెంబరు 17న వెంకటేశ్ చనిపోయాడు.

చట్టం దృష్టిలో కోర్టు చేసింది తప్పని నేననను. పేదవాడి మూత్రపిండాలు అమ్ముడుపోయే దేశంలో ఆ కట్టడి అవసరం. నాకు తోచే ప్రశ్న వేరు. ఆ జబ్బుతో పాతికేళ్ళు బతికిన పిల్లవాడికీ తల్లికీ రాజ్యం ఎన్నడైనా ఎదురుపడిందా? చక్రాల కుర్చీ, ఊపిరి యంత్రం, ఫిజియోథెరపీ, ఇంటికొచ్చే నర్సు, వీటిలో ఏదైనా హక్కుగా దక్కిందా? ప్రభుత్వం ఆ తల్లికి కనబడింది "కాదు" అని చెప్పవలసిన రోజున.

ఈ కథ మీద నవల వచ్చింది ఇంగ్లీషులో. సినిమా వచ్చింది హిందీలో, 2022లో, 'సలాం వెంకీ' పేరుతో. జరిగింది మాత్రం మన హైదరాబాదులో.

ఆరుగురు డాక్టర్లు, ఒక వేలిముద్ర

బొంబాయి కె.ఇ.ఎం. ఆస్పత్రి నర్సు అరుణా షాన్‌బాగ్ 1973 నవంబరులో అక్కడి వార్డుబోయ్ చేసిన దాడిలో మెదడు దెబ్బతిని మంచం పట్టింది. ఆమెను పోనివ్వమని పాత్రికేయురాలు పింకీ విరానీ వేసిన పిటిషనును 2011 మార్చి 7న సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. అయితే హైకోర్టు అనుమతితో ప్రాణాధార వైద్యాన్ని ఉపసంహరించవచ్చని మొదటిసారి దారి తెరిచింది. అరుణ 2015 మే 18న న్యుమోనియాతో పోయింది. ఆమెను చంపవద్దని అడిగినవాళ్ళు ఆ ఆస్పత్రి నర్సులు. నలభై ఏళ్ళకు పైగా కడిగి, తుడిచి, తినిపించినవాళ్ళు. అది మునిసిపల్ ఆస్పత్రి, బిల్లు లేదు. అందుకే వాళ్ళ "వద్దు" అనే మాటకు బరువుంది. వాళ్ళతో మనం ఏకీభవించవచ్చు, విభేదించవచ్చు. కాని అక్కడ వాదన నిజంగా మనిషి గురించే జరిగింది, డబ్బు గురించి కాదు.

2018 మార్చి 9న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం గౌరవంగా మరణించడం జీవించే హక్కులో భాగమని ప్రకటించింది. స్పృహ ఉన్నప్పుడే, తనకు ఏ వైద్యం వద్దో మనిషి ముందుగా రాసిపెట్టుకోవచ్చు. దాన్నే లివింగ్ విల్ అంటున్నారు. మొదట దాని మీద మేజిస్ట్రేటు సంతకం కావాలన్నారు. ఆచరణలో సాగలేదు. 2023 జనవరిలో నోటరీ గాని గెజిటెడ్ అధికారి గాని ధ్రువీకరిస్తే చాలన్నారు. వైద్యం ఆపాలంటే మాత్రం ఆస్పత్రిలో ముగ్గురు డాక్టర్ల మొదటి బోర్డు, ఆపైన మరో ముగ్గురి రెండో బోర్డు ఒప్పుకోవాలి. రెండో దానిలో జిల్లా ముఖ్య వైద్యాధికారి పంపిన డాక్టరు ఉండాలి. విల్లు లేనివారి విషయంలో కుటుంబం సమ్మతితో ఇదే పద్ధతి. మేజిస్ట్రేటుకు తెలియజేయాలి. 2025 జనవరిలో కర్ణాటక ప్రభుత్వం దీన్ని అమలు చేయడానికి ఉత్తర్వులిచ్చింది.

ఈ జాగ్రత్తలు నాకు అనవసరంగా కనిపించవు. ఆస్తి కోసం ముసలివాళ్ళను తొందరపెట్టే ఇళ్ళు మనకు తెలియనివి కావు. కాని నా సంతకాన్ని ఈ నిబంధనల పక్కన పెట్టి చూడండి. ఆస్పత్రి గదిలో గొట్టం తీయాలంటే ఆరుగురు డాక్టర్లు ఒప్పుకోవాలి. అదే మనిషిని, అదే గొట్టంతో, ఆస్పత్రి గేటు దాటించాలంటే ఒక్క సంతకం చాలు. సంతకం రానివాడికి వేలిముద్ర చాలు. మొదటిదాన్ని చట్టం కారుణ్య మరణమని పిలిచి వందసార్లు ఆలోచించింది. రెండోదానికి డిశ్చార్జి అని పేరు. అది మరణ నిర్ణయంగా ఏ లెక్కలోకీ రాదు. పల్లెల నుంచి వచ్చినవాళ్ళు అత్యధికంగా తీసుకునేది ఈ రెండో దారే. దాన్ని నిర్ణయించేది బోర్డు కాదు, క్యాష్ కౌంటరు.

తప్పుకున్న రాజ్యం

కాబట్టి ప్రభుత్వం చావు విషయంలో జోక్యం చేసుకోవాలా వద్దా అన్న చర్చ సగం చర్చే. జోక్యం ఎప్పుడూ ఉంది. ఊళ్ళో నర్సును పెట్టకపోవడం కూడా ఒక నిర్ణయమే. మార్ఫిన్ సంగతి చూడండి. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో ప్రభుత్వ లైసెన్సుతో నల్లమందు పండుతుంది, విదేశాలకు ఎగుమతి అవుతుంది. కాని 1985 మాదకద్రవ్యాల చట్టం వచ్చాక లైసెన్సుల చిక్కులతో ఇక్కడి కేన్సరు రోగికి నొప్పి తగ్గించే మార్ఫిన్ మాత్ర దొరకడమే కష్టమైంది. చట్టాన్ని సవరించడానికి 2014 దాకా పట్టింది. ఆ మధ్య కాలంలో నొప్పితో అరుస్తూ పోయినవాళ్ళ చావులో రాజ్యం జోక్యం లేదనగలమా?

మరో దారి లేదని కాదు. కేరళ 2008లోనే ఉపశమన వైద్యానికి ప్రభుత్వ విధానం ప్రకటించి, పంచాయతీలను, వాలంటీర్లను అందులోకి తెచ్చింది. హైదరాబాదులో ఎం.ఎన్.జె. కేన్సర్ ఆస్పత్రిలో అలాంటి విభాగం ఏర్పడింది, తర్వాత తెలంగాణ జిల్లాల్లోకీ ఆ పని కొంత పాకింది. నొప్పి తగ్గించే మందు, పుండు కడిగే చేయి, ఇంటివాళ్ళతో నిజం చెప్పే నోరు దగ్గరలో ఉన్నప్పుడే "వెంటిలేటరు వద్దు" అన్న మాట ఇష్టమవుతుంది. అవి లేనిచోట అదే మాట లొంగుబాటు. వైద్యాన్ని వద్దనే హక్కును నేను సమర్థిస్తాను. మా పెద్దబాపును అడిగి ఉంటే బహుశా ఆయనే వద్దనేవాడు, మడి పోగొట్టుకోవడం కన్నా. కాని ఆ "బహుశా"ను ఇష్టం అని రాయించుకోవడం మోసం.

రచయితలుగా మనకు దీనితో పనేమిటి? అప్పు పత్రం మీద వేలిముద్ర గురించి మన సాహిత్యం రాసింది. ఆ కాగితంలో "నా రాజీఖుషీతో" అన్న మాట ఎంత అబద్ధమో పాఠకుడికి తెలిసేట్టు చేసింది. అదే మాట ఇప్పుడు ఆస్పత్రి కాగితం మీదికి వచ్చింది, మనం ఇంకా గుర్తుపట్టలేదు. మన కథల్లో చావు నేటికీ విధిగానో, కన్నీరుగానో వస్తున్నది, సంతకంగా రావడం లేదు.

2016లో మా ఊరు మండల కేంద్రమైంది. కాగితాలు ధ్రువీకరించే అధికారులు దగ్గరికొచ్చారు. పెద్దమ్మ ఇప్పుడు లేదు. ఆనాడు నేను ఆమెకు "ఆస్పత్రోళ్ళే పంపిండ్రు" అని చెప్పాను. అది పూర్తిగా నిజం కాదు, పూర్తిగా అబద్ధమూ కాదు. సై చేసింది నేను. చేయించింది ఎవరో చెప్పడానికి ఇన్నేళ్ళు పట్టింది.