గని చుట్టూ కాపురాలు

ఒక పారిశ్రామిక పట్టణ చరిత్రను ఎన్ని గనులు తెరిచారు, ఎన్ని టన్నులు తీశారు అనే లెక్కలతో ప్రారంభించడం మన చరిత్రకారులకు అలవాటు. ఆ లెక్కలు అవసరమే. కాని గోదావరిఖనిలో పాఠాలు చెప్పుకొనే నాకు మరొక ప్రశ్న ముఖ్యమని తోస్తుంది. పెళ్లాం బిడ్డలతో తరలివచ్చిన మనిషి ఇక్కడ ఎక్కడ కాపురం పెట్టాడు? అక్కడే ఎందుకు పెట్టాడు?

ముందు పూర్వరంగం చూద్దాం. 1871లో విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు కనుగొన్నాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకం హక్కులు సంపాదించింది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. 1945లో అధిక వాటాలు నిజాం ప్రభుత్వం చేతికి వచ్చాయి. 1956 తర్వాత ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికి సంక్రమించాయి. రామగుండం పొలాల కింది బొగ్గు కోసం 1960 ప్రాంతంలో బాయిలు దిగాయి. అలా పుట్టిన ఊరు నదినీ గనినీ కలిపి తన పేరు చేసుకొంది.

కొత్తగూడెం, బెల్లంపల్లి గనులనుంచి కొందరు బదిలీమీద వచ్చారు. చుట్టుపట్ల జిల్లాలనుంచి పేద రైతులూ, వ్యవసాయ కూలీలూ వచ్చారు. వీరి ముందు మూడు దారులున్నాయి. ఒకటి, దగ్గరి పల్లెలో వుండి సైకిలు మీద షిఫ్టుకు రావడం. రెండు, కంపెనీ క్వార్టరు. మూడు, బాయి దాపున ఖాళీ స్థలంలో సొంత గుడిసె.

క్వార్టరులో కరెంటూ నీళ్లూ వున్నాయి, ఆస్పత్రి దగ్గర. కాని క్వార్టరు అందరిదీ కాదు. హోదాను బట్టి, సర్వీసును బట్టి దక్కేది. బదిలీ ఫిల్లరుగా చేరినవాడికి గుడిసే గతి. గుడిసెల్లో తన ఊరివాళ్లూ, తన కులంవాళ్లూ పక్కపక్కన చేరారు. అప్పు పుట్టడానికీ, చావుకూ పెళ్లికీ ఆ ఇరుగుపొరుగే ఆధారం. క్వార్టర్ల వరస కులం అడగలేదు. కాని హోదా అడిగింది. పాత మెట్లు కొంత అరిగిన చోటనే కొత్త మెట్లు లేచాయి.

ఇక్కడొక విషయం మనం మరచిపోతుంటాం. 1952 గనుల చట్టం స్త్రీలను భూగర్భంలో పనికి నిషేధించింది. ప్రమాదం దృష్ట్యా దాన్ని సమర్థించవచ్చు. ఫలితం మాత్రం ఏమిటి? పల్లెలో కాపురమున్నంత కాలం నాటుకో కోతకో వెళ్లి నాలుగు డబ్బులు తెచ్చిన స్త్రీ, కాలనీకి రాగానే భర్త మస్టరు మీద పూర్తిగా ఆధారపడింది. ఇల్లు మారడమంటే కుటుంబంలో ఆమె స్థానం మారడం కూడా. కాపురం ఎక్కడ పెట్టాలనే నిర్ణయంలో ఆమె మాట ఎంత చెల్లింది? దీన్ని అడగని చరిత్ర సగం చరిత్రే.

నా విద్యార్థులను ఏ ఊరని అడిగితే కొందరు ‘ఎయిట్ ఇంక్లైన్’ అంటారు, కొందరు ‘ఫైవ్ ఇంక్లైన్’ అంటారు. బాయి నంబరే ఊరి పేరు. 1885లో వచ్చిన జోలా నవల ‘జెర్మినల్’లో ఫ్రెంచి గని కార్మికుల వాడకూడా ఒక అంకెతోనే, రెండువందల నలభై అనే పేరుతోనే, పిలవబడుతుంది. ఇది కేవలం పోలిక కాదు. గనికోసం పుట్టిన వాడకు గనిని మించిన ఉనికి వుండదని యజమాని భావించిన చోటల్లా జరిగేదే ఇది. యజమానే ఇంటి సొంతదారు కూడా అయితే పనివాడి స్వేచ్ఛకు ఏమి జరుగుతుందో 1872లో ఎంగెల్స్ నివాస సమస్యపై రాసిన వ్యాసాల్లో వివరించాడు. పనీ ఇల్లూ ఒకే చేతిలో వుంటే, సమ్మె కట్టే ముందు కార్మికుడు నెత్తిమీది కప్పును కూడా తలచుకోవలసి వస్తుంది.

సింగరేణి ప్రభుత్వరంగ సంస్థ. ఇది ప్రైవేటు దొర రాజ్యం కాదు, నిజమే. అయినా రిటైరైన కార్మికుడు క్వార్టరు ఖాళీ చేయక తప్పదు. 1990ల ప్రారంభంలో లక్షకు పైగా వున్న ఉద్యోగుల సంఖ్య నేడు దాదాపు నలభై వేలకు దిగింది. రామగుండం ఎరువుల కర్మాగారం 1999లో మూతపడినప్పుడు దానిని నమ్ముకొన్న కాపురాలు చెదిరిపోయాయి. 2021లో అక్కడ కొత్త కర్మాగారం ఉత్పత్తి మొదలుపెట్టేటప్పటికి ఒక తరం గడిచిపోయింది. మరోవైపు ఓపెన్‌కాస్టు గనులు భూమినే తవ్వుకుపోతాయి. భూగర్భ గని పక్కన ఊరు బతకగలదు. ఓపెన్‌కాస్టు విస్తరిస్తే ఊరే లేవాలి.

కనుక ‘వాళ్లు ఎంచుకొని స్థిరపడ్డారు’ అనే మాటను జాగ్రత్తగా వాడాలి. ఎంచుకొన్నారు, కాని ఎంచుకోదగిన దారులను నిర్ణయించింది వాళ్లు కాదు. అయినా ఆ ఇరుకులోనే వాళ్లు ఊరు కట్టారు. సింగరేణి స్థలాల్లో ఇళ్లు వేసుకొన్నవారికి హక్కు పత్రాలిచ్చే 76వ నంబరు జీవో తెలంగాణ ఏర్పడిన తర్వాత వచ్చిందంటే, అంతకాలం ఆ గుడిసెలు నిలబడి వుండడమే దానికి కారణం. కదలని కాపురం కూడా ఒక ఉద్యమమే.

మిత్రులారా, మీ తాతలు మొదట ఎక్కడ దిగారో, ఎవరి ఇంటి పక్కన పాక వేశారో, నాయనమ్మలు ఏమి పని వదులుకొన్నారో అడిగి రాసుకోండి. ఉద్యోగం వున్నన్నాళ్లే ఇల్లు అనే నియమాన్ని ప్రశ్నించడానికి మనకు కావలసిన సాక్ష్యం వాళ్ల దగ్గరే వుంది. ఆ తరం వెళ్లిపోకముందే ఈ పని జరగాలి.