ఒక స్కాలర్‌షిప్ ఫారం వెనక నూట యాభై ఏళ్ళు



అడ్మిషన్ల కాలం వచ్చిందంటే గ్రూపులో అవే ప్రశ్నలు మొదలవుతాయి. "అన్నా, కుల సర్టిఫికెట్ పాతది నడుస్తదా?" "అక్కా, మా అయ్య పేరు ఆధార్‌లో ఒకతీరు, నా టెన్త్ మెమోలో ఒకతీరు ఉంది, ఏం చేయాలె?" "తమ్ముడు కూడా ఇంటర్‌లో చేరిండు, ఇద్దరికీ వస్తదా?" వీటిలో కొన్నిటికి జవాబు ఈ పోస్టులోనే ఉంది. కానీ నేను రాయాలనుకున్నది వేరే సంగతి. ఈపాస్ ఫారం మనల్ని మూడు ముక్కలు అడుగుతుంది: ఏ తెగ, ఏ ఊరు, ఎంత ఆదాయం. మైదానంలోని పిల్లలకు ఇవి మూడు కాగితాలు, అంతే. గోదావరికి అటూ ఇటూ ఉన్న మనకు మాత్రం ఒక్కో కాగితం వెనక తాతల నాటి కథ ఉంది. అది తెలియకపోతే కౌంటర్ దగ్గర మనమే ఏదో తప్పు చేసినవాళ్ళలాగ తలవంచుకుని నిలబడతాం. నేనట్లా నిలబడ్డాను కాబట్టి చెప్తున్నా.

ముందు ఊరి సంగతి. భద్రాచలం వైపు ఉన్న ఎగువ గోదావరి తాలూకాలను నిజాం 1860లో ఇంగ్లీషు వాళ్ళకు ఇచ్చేశాడు. కొన్నాళ్ళు అవి సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఉన్నాయి. 1874లో భద్రాచలం, రేకపల్లి తాలూకాలను మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాలో కలిపారు. ఇవతలి ఒడ్డున పాల్వంచ మాత్రం నిజాం రాజ్యంలోనే ఉండిపోయింది. అంటే మధ్యలో గోదావరి, అటు ఒక సర్కారు, ఇటు ఒక సర్కారు. మనవాళ్ళకు మాత్రం అది పిల్లనిచ్చి పిల్లను తెచ్చుకునే దూరమే. పండగకు పడవెక్కి పోయేవాళ్ళు, కొలుపులకు వచ్చేవాళ్ళు. సరిహద్దు కాగితాల మీద ఉండేది, కాళ్ళకు తెలిసేది కాదు.

1953లో వరంగల్ నుంచి విడదీసి ఖమ్మం జిల్లా చేశారు. అదే ఏడాది ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది, భద్రాచలం అందులో తూర్పు గోదావరి జిల్లా ఏజెన్సీగా ఉంది. 1956 నవంబర్ 1న రెండూ కలిసి ఆంధ్రప్రదేశ్ అయ్యాయి. భద్రాచలం, నూగూరు తాలూకాలను ఖమ్మంలో కలిపింది మాత్రం 1959లో. ఈ రెండు సంవత్సరాలు, 1956, 1959, గుర్తు పెట్టుకోండి. ఎందుకో చెప్తా.

2014లో తెలంగాణ వచ్చింది. ఆ జూలైలో కొత్త ప్రభుత్వం ఫాస్ట్ అని ఒక పథకం ప్రకటించింది. పాత ఫీజు రీయింబర్స్‌మెంట్ స్థానంలో, 1956 నవంబర్ 1కి ముందు నుంచి తెలంగాణలో ఉన్న కుటుంబాల పిల్లలకే సాయం అని ఆ లెక్క. హైదరాబాదులో కూర్చుని చూస్తే ఆంధ్రా నుంచి వచ్చినవాళ్ళను వేరు చేసే లెక్క అది. భద్రాచలంలో కూర్చుని చూడండి. ఇక్కడి కోయ తాత పుట్టిన ఊరు వదిలి ఎక్కడికీ పోలేదు, అడవి కూడా అక్కడే ఉంది. కానీ 1956లో ఆ ఊరు తూర్పు గోదావరి! ఊరు కదలకుండానే తాత "బయటివాడు" అయ్యే లెక్క అన్నమాట. గొడవ హైకోర్టు దాకా పోయింది, ప్రభుత్వం ఆ పథకాన్ని వెనక్కి తీసుకుంది. మంచిదే. కానీ ఆ కొన్ని నెలలు మన ఇళ్ళల్లో రేకుపెట్టెలు తెరిచి పాత శిస్తు రసీదులు వెతుక్కున్నది నాకు ఇంకా గుర్తుంది. అప్పుడు మా పెద్దమ్మ అడిగింది, "మేం ఈడ ఉన్నట్టు ఈ చింతచెట్టు చెప్తే చాలదా బిడ్డా?" అని.

అదే ఏడాది ఇంకోటి జరిగింది. పోలవరం ముంపు పేరుతో ఏడు మండలాలు (భద్రాచలం పట్టణం తప్ప ఆ మండలం, కూనవరం, చింతూరు, వి.ఆర్.పురం, కుక్కునూరు, వేలేరుపాడు, బూర్గంపాడులో కొంత) ఆంధ్రప్రదేశ్‌కు పోయాయి. ఎటపాక పిల్లలు భద్రాచలం బజారుకు నడిచి వస్తారు, కానీ వాళ్ళ సర్టిఫికెట్ వేరే రాష్ట్రానిది. విభజన చట్టం 95వ సెక్షన్ కింద ఉమ్మడి అడ్మిషన్ల కోటాకు పదేళ్ళు గడువు ఇచ్చారు. అది 2024 జూన్ 2తో అయిపోయింది. కాబట్టి అవతలి మండలాల తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, కాలేజీలో చేరకముందే మీరు ఏ రాష్ట్రం లోకల్ కిందికి వస్తారో చూసుకోండి. చేరినంక చూసుకుంటే చేసేదేం ఉండదు.

ఇక తెగ కాగితం. రాష్ట్రపతి ఉత్తర్వు 1950లో వచ్చింది. అందులో తెగల జాబితా దేశం మొత్తానికి ఒకటి కాదు, రాష్ట్రం రాష్ట్రానికి వేరు. హైదరాబాద్ రాష్ట్రం జాబితాలో కోయలు ఉన్నారు, హిల్ రెడ్డీలు ఉన్నారు. మద్రాసు జాబితాలో అదే మనుషులు కొండరెడ్డీలు. పాపికొండల్లో ఒకే కొండకు అటు ఒక పేరు, ఇటు ఒక పేరు! హైమన్‌డార్ఫ్ వీళ్ళ మీద రాసిన పుస్తకం 1945లో అచ్చయింది. అప్పటికే ఆ జనం రెండు సర్కార్ల మధ్య చీలి ఉన్నారు. రెండు పేర్లూ ఇప్పటికీ జాబితాలో వేరువేరుగానే కనబడతాయి. సర్టిఫికెట్ రాసేటప్పుడు ఏ పేరు రాస్తున్నారో చూసుకొమ్మని అందుకే అంటాను. అన్నకు ఒక పేరు, చెల్లికి ఒక పేరు పడితే తర్వాత వెరిఫికేషన్‌లో తిప్పలు.

లంబాడీలు ఆంధ్ర వైపు ముందు నుంచే జాబితాలో ఉన్నారు. తెలంగాణ వైపు వాళ్ళకు 1976 సవరణ చట్టంతో, అది అమలైన 1977 నుంచి వచ్చింది. దీని మీద మనలో మనకు ఉన్న వాదనలు నాకు తెలుసు, ఇక్కడ వాటిని ఎత్తుకోను. అది వేరే రోజు మాట్లాడుకోవాల్సిన పెద్ద సంగతి.

సర్టిఫికెట్ ఎవరు ఇవ్వాలనేదానికి 1993లో చట్టం, 1997లో నియమాలు వచ్చాయి. మామూలుగా తహసీల్దారు ఇస్తాడు. కొండరెడ్డి, కమ్మర లాంటి కొన్ని తెగలకు మాత్రం ఆర్డీవో స్థాయి అధికారి ఇవ్వాలి. ఆ పేర్లతో దొంగ సర్టిఫికెట్లు పుట్టుకొచ్చాయి కాబట్టి ఈ జాగ్రత్త. న్యాయమే. కానీ దొంగను ఆపడానికి పెట్టిన తలుపు దగ్గర ఎక్కువ సేపు నిలబడేది నిజమైన కొండరెడ్డి పిల్లే. గుట్ట మీద నుంచి దిగి, బస్సు పట్టుకుని, ఒక రోజు కూలి పోగొట్టుకుని వస్తే "సారు మీటింగ్‌లో ఉన్నడు" అంటారు.

రాష్ట్రం మారితే తెగ హోదా వెంట రాదు అన్నది సుప్రీంకోర్టు 1990లో తేల్చింది. మర్రి చంద్రశేఖరరావు కేసు అంటారు. ఆ పిల్లవాడు తెనాలిలో పుట్టాడు. గౌడు తెగ, ఆంధ్రప్రదేశ్‌లో ఎస్టీ. తండ్రికి ఎస్టీ కోటాలోనే బొంబాయి ఎరువుల కంపెనీలో ఉద్యోగం వస్తే తొమ్మిదేళ్ళ వయసులో ఇంటిల్లిపాదీ అక్కడికి పోయారు. మెడిసిన్ సీటు దగ్గరికి వచ్చేసరికి మహారాష్ట్ర నువ్వు మా జాబితాలో లేవు అంది. ఐదుగురు జడ్జీల బెంచి కూడా అదే అంది. ఈ తీర్పు మన దగ్గర ఎవరి మీద పడుతుందో మీకు తెలిసే ఉంటుంది. 2005లో సల్వాజుడుం మొదలైనంక ఛత్తీస్‌గఢ్ నుంచి ప్రాణాలు పట్టుకుని వచ్చి మన అడవుల్లో గుడిసెలు వేసుకున్న కుటుంబాలు. మనం గొత్తికోయలంటాం. ఆ పిల్లలు ఇక్కడే పుట్టి, ఇక్కడి బడిలో తెలుగులో పది పాసయ్యారు. స్కాలర్‌షిప్ సొంత రాష్ట్రమే ఇవ్వాలన్నది కేంద్రం నియమం. ఏ ఊరు తగలబడితే పారిపోయి వచ్చారో ఆ ఊరి నుంచి కాగితం తెమ్మంటే ఎక్కడ తెస్తారు? ఇది మన గ్రూపు పట్టించుకోవాల్సిన పని అని నా అభిప్రాయం. కొందరికి నచ్చదని తెలుసు.

ఇప్పుడు డబ్బుల సంగతి. కాలేజీ చదువుకు సర్కారు సాయం అనేది ఆకాశం నుంచి ఊడిపడలేదు. అంబేద్కర్ వైస్రాయ్ కౌన్సిల్‌లో ఉన్నప్పుడు కొట్లాడి షెడ్యూల్డ్ కులాల పైచదువులకు ఏడాదికి 3 లక్షల రూపాయలు సాధించాడు. 1944లో మొదలైన ఆ స్కాలర్‌షిప్‌ను 1948లో తెగలకు కూడా ఇచ్చారు. ఇవాళ మనం పోస్ట్‌మెట్రిక్ అని పిలిచేది ఆ చెట్టు కొమ్మే. అప్పటికి నిజాం వైపు పరిస్థితి ఏంటంటే, 1940లో కొమురం భీం చనిపోయినంక గానీ సర్కారుకు ఆదివాసీల చదువు గుర్తుకు రాలేదు. 1943లో ఆదిలాబాద్ మార్లవాయిలో గోండు టీచర్లకు శిక్షణ మొదలుపెట్టారు. పిల్లలను బడికి రమ్మనే ముందు ఆ తెగ నుంచే టీచర్లను తయారు చేయాలన్న ఆలోచన అది. తర్వాతి చాలా పథకాల కంటే తెలివైనదని నాకనిపిస్తుంది.

ఆ తర్వాత ఆశ్రమ పాఠశాలలు, 1970లలో ఐటీడీఏలు వచ్చాయి. మా అయ్య తరం ఆశ్రమ పాఠశాల దాకా వచ్చింది, పది దాటినవాళ్ళు ఊరికి ఒకరిద్దరు. 2000 సంవత్సరంలో వచ్చిన జీవో 3తో ఏజెన్సీ టీచర్ పోస్టులు మనకే అన్న ధైర్యం ఉండేది. ఇంటర్ చదివి ట్రైనింగ్ చేస్తే చాలు అనుకునేవాళ్ళం. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఇప్పుడు డిగ్రీ, పీజీ, ఇంజినీరింగ్ అనక తప్పదు, అంటే ఫీజు అనక తప్పదు.

ఉమ్మడి రాష్ట్రంలో 2008 ప్రాంతంలో అర్హులందరికీ ఫీజు రీయింబర్స్‌మెంట్, దానికి ఈపాస్ వచ్చాయి. రెండు ముక్కలుంటాయి. ట్యూషన్ ఫీజు కాలేజీ ఖాతాకు, తిండీ పుస్తకాలకు ఇచ్చే మెయింటెనెన్స్ పిల్లల ఖాతాకు. కేంద్రం 2010లో పెట్టిన రేటు చూడండి. ఇంజినీరింగ్ లాంటి కోర్సుల్లో హాస్టల్ పిల్లలకు నెలకు 1200, ఇంటర్ హాస్టల్ పిల్లలకు 380, ఇంటి నుంచి వచ్చేవాళ్ళకు 230. ఆ 230తో చర్ల నుంచి భద్రాచలానికి నెలంతా బస్సులో రాగలరేమో మీరే లెక్కేసుకోండి. అవతలి ఒడ్డున ఆంధ్రప్రదేశ్ 2021లో ఫీజు డబ్బులు తల్లి ఖాతాలో వేసింది, 2023లో తల్లీబిడ్డల జాయింట్ ఖాతా అంది. అటువైపు మా చిన్నమ్మ మొదటిసారి బ్యాంకులో సంతకం పెట్టింది అందుకే. కాలేజీవాళ్ళు మాత్రం డబ్బు తమ చేతికి నేరుగా రాదని గోల పెట్టారు.

ఆదాయం కాగితం దగ్గర నా సొంత కథ చెప్పాలి. నేను డిగ్రీలో చేరిన ఏడాది మా ఇంటి ఆదాయం అంటే పోడు వరి, ఎండాకాలం తునికాకు, ఇప్పపువ్వు. వీటికి జీతం స్లిప్పు ఉండదు కదా. కౌంటర్‌లో ఉన్న మనిషి "ఇంట్ల ఎవరన్నా పని చేస్తున్నరా?" అన్నడు. మా అయ్య అబద్ధం తెలియని మనిషి. "పెద్దోడు మణుగూరులో లారీ మీద పోతడు సారూ" అన్నడు. ఆయన అన్న జీతం కూడా కలిపేసిండు. హద్దు దాటింది, ఆ ఏడాది నాకు స్కాలర్‌షిప్ రాలేదు. అయ్య రెండు ఎడ్లలో ఒకటి అమ్మిండు. ఆ తర్వాతి వానాకాలం పక్కింటి ఎద్దును జత కట్టి దున్నినం.

చాలా ఏళ్ళకు నేను కేంద్ర మార్గదర్శకాలు చదివాను. అందులో తేటగా ఉంది. తల్లిదండ్రుల్లో ఒక్కరు బతికి ఉన్నా వాళ్ళ ఆదాయమే లెక్క, ఇంట్లో ఇంకెవరు సంపాదించినా కలపకూడదు. పెళ్ళయి ఉద్యోగం లేని ఆడపిల్లకైతే భర్త ఆదాయం చూస్తారు. ఒకే తల్లిదండ్రుల పిల్లలు ఎంతమంది చదివినా అందరూ అర్హులే. 2013 నుంచి ఎస్టీలకు కేంద్రం పెట్టిన హద్దు ఏడాదికి 2.5 లక్షలు. ఈ నాలుగు మాటలు ఆ రోజు మా అయ్యకు తెలిసి ఉంటే ఆ ఎద్దు ఉండేది. ఆ కౌంటర్ మనిషికి మా మీద పగ ఏం లేదనే అనుకుంటున్నా. ఆయనకూ తెలియదు, మాకూ తెలియదు.

అందుకే ఈ అప్లికేషన్ విద్యార్థి ఒక్కడిది కాదు అంటాను. అయ్య నోటి మాట, అమ్మ ఆధార్, అన్న జీతం, తాత పుట్టిన ఊరు, అన్నీ అందులో ఉంటాయి. ఫారం నింపే ముందు రోజు రాత్రి ఇంట్లో అందరూ ఒక దగ్గర కూర్చోండి. ఇంటిపేరు ఎట్లా రాస్తున్నారు, అయ్య పేరు చివర "య్య" ఉందా లేదా, మెమోలో ఉన్నట్టే ఆధార్‌లో ఉందా చూడండి. కౌంటర్‌లో ఏం అడుగుతారో పెద్దవాళ్ళకు ముందే చెప్పండి. అబద్ధం చెప్పమని కాదు, అడిగినదానికే చెప్పమని. అన్న సంపాదన గురించి అడిగితే ఆ నియమం ప్రింటు తీసి చూపించండి.

ఇంకొక మాట. మీ ఇళ్ళల్లో 1959కి ముందువి శిస్తు రసీదులు, పట్టాలు, తూర్పు గోదావరి జిల్లా అని రాసి ఉన్న కాగితాలు ఏమైనా ఉంటే వానలు పడకముందే ఫోన్‌లో ఫోటో తీసి పెట్టండి. మా ఇంట్లో తాత కాగితం ఒకటి ఉండేది, మొన్నటి గోదావరి వరదలో పెట్టెతో సహా తడిసి ముద్దయింది. మీ దగ్గర ఉన్నవి కామెంట్లలో పెట్టకండి, నాకు విడిగా పంపండి. ఊరి పేరు, తాలూకా, సంవత్సరం ఒక నోటుబుక్కులో రాసి పెడతాను.