నాటుకోడి గుడ్డు

నాటుకోడి గుడ్డు అనగా పెరట్లోనో, పొలాల్లోనో తిరిగి మేసే దేశవాళీ కోడిపెట్ట పెట్టే గుడ్డు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో ఫారం గుడ్డు కంటె దీనికి ఎక్కువ ధర పలుకుతుంది. కొనుగోలుదారులు సాధారణంగా పెంకు రంగు, పచ్చసొన రంగు, తాజాదనం, కోడిని పెంచిన తీరు అనే నాలుగింటిని చూస్తారు. వీటిలో ఎక్కువమంది నమ్మేది పెంకు రంగును. ఎక్కువగా పట్టించుకోవలసినది తాజాదనాన్ని.

పెంకు రంగు

పెంకు రంగు కోడి జాతిని బట్టి ఉంటుంది, మేతను బట్టి కాదు. ఫారాలలో విరివిగా పెంచే వైట్ లెగ్‌హార్న్ సంతతి కోళ్ళు తెల్లని గుడ్లు పెడతాయి. పెంకు తయారయ్యేటప్పుడు ప్రోటోపార్ఫిరిన్ అనే వర్ణకం చేరితే గోధుమరంగు వస్తుంది. దీనివలన పోషక విలువలు మారవు. బోనులలో పెంచే కొన్ని సంకరజాతి కోళ్ళు, హైదరాబాదులోని కోళ్ళ పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజా కోళ్ళు కూడా గోధుమరంగు గుడ్లే పెడతాయి. కనుక రంగును మాత్రమే చూసి నాటుగుడ్డు అని నిర్ణయించుట సరికాదు. దేశవాళీ గుడ్డు సాధారణంగా ఫారం గుడ్డు కంటె చిన్నదిగా ఉంటుంది.

పచ్చసొన రంగు

ఆకుకూరలు, గడ్డి, పచ్చ జొన్న, మొక్కజొన్న వంటి మేతలోని కెరోటినాయిడ్ల వలన సొనకు ముదురు రంగు వస్తుంది. దాణాలో బంతిపూల సారం కలిపినా ఇదే రంగు వస్తుంది. కాబట్టి సొన రంగు కోడి తిన్న మేతను కొంతవరకు తెలుపుతుందే కాని, అది ఆరుబయట తిరిగిందని రుజువు చేయదు.

తాజాదనం

పెంకులోని సన్నని రంధ్రాల గుండా తేమ, బొగ్గుపులుసు వాయువు బయటకు పోతుంటాయి. అందువలన రోజులు గడిచేకొద్దీ లోపలి గాలిగది పెద్దదై, తెల్లసొన పలుచబడుతుంది. తాజాదనాన్ని ఈ విధంగా గుర్తించవచ్చు:

* నీటిలో వేసినపుడు తాజా గుడ్డు అడుగున అడ్డంగా పడుకుంటుంది; పాతబడినది నిలబడుతుంది; బాగా పాతది తేలుతుంది.
* పగలగొట్టినపుడు తాజా గుడ్డు సొన ఉబ్బెత్తుగా నిలుస్తుంది, తెల్లసొన చిక్కగా ఉంటుంది.
* చెవి దగ్గర ఊపినపుడు చప్పుడైతే గుడ్డు పాతదని భావించవచ్చు.

తడిపిన గుడ్డుపై సహజమైన రక్షణ పొర దెబ్బతింటుంది. కనుక నీటి పరీక్షను వండే ముందు మాత్రమే చేయాలి.

పెంపకం తీరు, ధర

దేశవాళీ పెట్ట కొన్ని గుడ్లు పెట్టి పొదుగుకు కూర్చుంటుంది. ఆ కాలంలోనూ, పిల్లలను సాకే కాలంలోనూ గుడ్లు పెట్టదు. ఏడాదికి 300 వరకు పెట్టే ఫారంకోడితో పోలిస్తే దీని దిగుబడి చాలా తక్కువ. ధర ఎక్కువగా ఉండటానికి ముఖ్య కారణం ఇదే. కోడి బోనులో కాక స్వేచ్ఛగా పెరగాలని కోరుకొనేవారు ఆ ధరను సంతోషంగానే చెల్లిస్తారు.

జాగ్రత్తలు

పెరటి గుడ్డయినంత మాత్రాన సాల్మొనెల్లా బాక్టీరియా ఉండదని చెప్పలేము. పగిలినవి, రెట్ట అంటినవి కొనరాదు. పుంజుతో కలిసి తిరిగే పెట్టల గుడ్లలో వేసవి వేడికి పిండం పెరగటం మొదలు కావచ్చు. కనుక వాటిని వెంటనే చల్లని చోట ఉంచాలి. చిన్నపిల్లలకు, గర్భిణులకు, వృద్ధులకు సొన గట్టిపడేవరకు ఉడికించి పెట్టాలి. అమ్మేవారిని అడగవలసిన మొదటి ప్రశ్న "నాటుదేనా?" అని కాదు, "ఎప్పుడు పెట్టినది?" అని.

ఇవి కూడా చూడండి

* కోడి
* గుడ్డు
* కోళ్ళ పరిశ్రమ